బ్లూస్ హార్మోనికా నేర్చుకోవాలంటే ముందు ఎవరి వెంట పడాలి: లిటిల్ వాల్టరా, సనీ బాయా, బిగ్ వాల్టరా?

బ్లూస్ హార్మోనికా పట్టుకున్నవాళ్ళకి అందరూ చెప్పే మొదటి పేరు లిటిల్ వాల్టర్, మొదటి పాట ‘జూక్’. వినమనడంలో తప్పేమీ లేదు. అంతకన్నా గొప్ప హార్మోనికా రికార్డు నాకు తెలియదు. కానీ వినడానికి ఎవరు గొప్ప అన్నది ఒక ప్రశ్న, మొదటి ఆరు నెలలు ఎవరిని చూసి వాయించాలి అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండింటినీ ఒకటే అనుకుని ‘జూక్’తో కుస్తీ పట్టి, రెండు నెలలకే హార్మోనికాని సొరుగులో పడేసే వాళ్ళు చాలామంది ఉంటారు.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి సరిపోయే మొదటి గురువు రెండో సనీ బాయ్ విలియమ్సన్ (ఈ పేరుతో ఇద్దరున్నారు, ఆ సంగతి కింద చెబుతాను). ఆ తర్వాత బిగ్ వాల్టర్ హార్టన్. లిటిల్ వాల్టర్‌ని మొదటి రోజు నుంచీ వినండి, వాయించడంలో మాత్రం ఆయన్ని మూడో స్థానంలో ఉంచండి. ఎందుకలా అంటున్నానో, ఎవరి విషయంలో ఈ వరస మారుతుందో చెబుతాను.

ముందు చేతిలో ఉన్నదేంటో చూసుకోండి

మన దగ్గర మ్యూజిక్ షాపులో మౌత్ ఆర్గాన్ అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది రెండు వరసల హోల్స్ ఉన్న ట్రెమొలో. దాంట్లో ఒక్కో స్వరానికి రెండు రీడ్లుంటాయి (గాలికి కదిలి పలికే సన్నని లోహపు రేకులు), ఒకదాని శ్రుతి రెండోదానికంటే రవ్వంత తేడాగా పెడతారు. ఆ వణుకు అక్కడి నుంచే వస్తుంది. సినిమా పాటలకి హాయిగా ఉంటుంది కానీ బ్లూస్‌కి పనికిరాదు. బ్లూస్ అంతా స్వరాన్ని వంచడం మీదే, అంటే బెండ్ మీదే నడుస్తుంది. బెండ్ రావాలంటే ఊదే రీడు, పీల్చే రీడు రెండూ ఒకే గదిలో ఉండాలి. ట్రెమొలోలో ఏ రీడు గది దానిదే.

కాబట్టి కావలసింది పది హోల్స్ ఉన్న డయాటోనిక్. జర్మనీలోని ట్రోసింగెన్ ఊళ్ళో హోనర్ కంపెనీ 1896 నుంచి చేస్తున్న మెరైన్ బ్యాండ్ ఈ రకమే. ఏ కంపెనీదైనా పరవాలేదు, గాలి లీకవకుండా ఉంటే చాలు.

బ్లూస్ వాయించేవాళ్ళు ‘సీ’ హార్మోనికా మీద ‘సీ’ శ్రుతిలో వాయించరు, ఎక్కువగా ‘జీ’లో వాయిస్తారు. దీన్నే సెకండ్ పొజిషన్ అంటారు. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. రెండో హోల్ పీలిస్తే షడ్జం. మూడోది పీలిస్తే అంతర గాంధారం. నాలుగోది ఊదితే శుద్ధ మధ్యమం, పీలిస్తే పంచమం, ఆ పీలుపునే కిందికి వంచితే ప్రతి మధ్యమం. ఐదోది పీలిస్తే కైశికి నిషాదం. ఆరోది ఊదితే తార షడ్జం.

ఇక అసలు సంగతి మూడో హోల్‌లో ఉంది. అక్కడ పీలుస్తూ నాలుక వెనక భాగాన్ని దించితే అంతర గాంధారం సాధారణ గాంధారం అవుతుంది, ఇంకా దించితే చతుశ్రుతి రిషభం, చివరికి శుద్ధ రిషభం. అన్నీ ఒక్క రీడు జత మీదే. బ్లూస్ వాయించేవాళ్ళు ఎక్కువగా నిలబడేది సాధారణ, అంతర గాంధారాల నడుమ ఉన్న సందులో. ఆ చోటుని ఏ టాబ్ కాగితమూ, అంటే ఏ హోల్ ఊదాలో, ఏది పీల్చాలో రాసిన కాగితమూ చూపించలేదు. ఒక్కో మాస్టర్ ఆ సందులో ఒక్కో చోట నిలబడతాడు, ఒక్కో తీరున అక్కడికి జారతాడు. టాబ్ ఎంత బాగా చదవగలిగినా చెవి పెట్టక తప్పదు. ఎవరికి చెవి పెడుతున్నామన్నది అందుకే ఇంత పెద్ద విషయం.

లిటిల్ వాల్టర్: వినడానికి మొదటివాడు

లూసియానాలోని మార్క్స్‌విల్‌లో పుట్టిన వాల్టర్ జేకబ్స్ చికాగోలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బ్యాండులో వాయిస్తూ, 1952 మే 12న ‘జూక్’ రికార్డు చేశాడు. మూడు నిమిషాలు కూడా లేని, మాటలే లేని ఆ ముక్క ఆ ఏడాది బిల్‌బోర్డ్ పత్రిక ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. హార్మోనికాని చిన్న మైకుతో కలిపి గుప్పిట్లో బిగించి, ఆంప్లిఫయర్‌లోకి పంపి, అందులోంచి వచ్చే ఆ గరుకు శబ్దాన్నే కొత్త వాయిద్యంగా మలిచిన మనిషి ఆయన. సాక్సఫోన్ వాళ్ళు ఊదే వాక్యాలు హార్మోనికాలో ఊదాడు.

మరి ఆయనతో ఎందుకు మొదలుపెట్టొద్దంటున్నాను? మొదటి కారణం ఆ ఆంప్. ఇంట్లో ఉత్త చేతులతో వాయించేవాళ్ళు ఆ శబ్దం తమకి రావడం లేదని గాలి ఇంకా గట్టిగా లాగుతారు. రీడ్లు పాడవుతాయి, బెండ్ మాత్రం రాదు. నిజానికి వాల్టర్ గాలి వాడేది తక్కువే, శబ్దం పెంచే పని ఆంప్ చూసుకుంటుంది. రెండో కారణం నాలుక. ఆయన నాలుకతో మధ్య హోల్స్ మూసేసి, అటూ ఇటూ రెండు చివరల నుంచి ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో పలికిస్తాడు. వెంటనే నాలుక తీసి తాళం మీద కొడతాడు. వినేటప్పుడు ఒక్క స్వరంలా ఉంటుంది, లోపల జరిగే పని వేరు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, లయ. ఆయన స్వరాలు బీటు మీద కూర్చోవు, కాస్త వెనకో ముందో పడుతుంటాయి. బీటు మీద స్థిరంగా వాయించడం వచ్చినవాడికే దాన్ని దాటి వాయించడం అబ్బుతుంది.

ఆయన పాటల్లో ముందు చేయి పెట్టదగ్గది ‘జూక్’ కాదు, ‘బ్లూస్ విత్ ఎ ఫీలింగ్’. 1953 నాటిది. వేగం తక్కువ, పాటకీ హార్మోనికాకీ మధ్య చోటు ఎక్కువ. ఆ తర్వాత ‘లాస్ట్ నైట్’. 1955లో మొదటి స్థానానికెక్కిన విల్లీ డిక్సన్ పాట ‘మై బేబ్’ కూడా అందుతుంది. ‘జూక్’ వాయించాలంటే ‘ఏ’ హార్మోనికా కావాలి, ట్రాక్ ‘ఈ’ శ్రుతిలో ఉంటుంది. మొదటి చరణంలో పైకెక్కే ఆ చిన్న పలుకు ఒక్కటే నేర్చుకుని కొన్నాళ్ళు అక్కడే ఆగండి. మిగతాది ఎక్కడికీ పోదు.

సనీ బాయ్: వాయించడానికి మొదటివాడు

వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఈ పేరుతో ఇద్దరున్నారు. మొదటివాడు జాన్ లీ విలియమ్సన్, 1914లో టెనెసీలోని జాక్సన్‌లో పుట్టాడు, 1937లో ‘గుడ్ మార్నింగ్, స్కూల్ గర్ల్’ రికార్డు చేశాడు, 1948లో చికాగోలో హత్యకి గురయ్యాడు. హార్మోనికాని బ్లూస్ బ్యాండులో ముందు వరసకి తెచ్చిన మనిషిగా ఆయన్ని గౌరవించాలి. రెండోవాడి అసలు పేరు అలెక్ మిల్లర్, రైస్ మిల్లర్ అని పిలిచేవారు. 1941లో ఆర్కన్సాలోని హెలెనా ఊరి రేడియో స్టేషన్ కేఎఫ్ఎఫ్ఏలో ‘కింగ్ బిస్కెట్ టైమ్’ కార్యక్రమం మొదలయ్యాక ఇదే పేరుతో ఆయన మిసిసిపీ డెల్టా అంతటా తెలిసిపోయాడు. 1965లో హెలెనాలోనే చనిపోయాడు. నేను చెబుతున్నది ఈ రెండో ఆయన గురించి.

ఈయన మామూలుగా గుప్పిట్లో మైకు బిగించే రకం కాదు. హార్మోనికా చేతుల్లో ఉంటుంది, ఎదురుగా పాట పాడే మైకు ఉంటుంది. రికార్డులో మీరు వింటున్నదంతా పెదాలు, నాలుక, గొంతు, అరచేతులు చేసిన పనే. అంటే మీ దగ్గర ఉన్న సామానే ఆయన దగ్గరా ఉంది. మొదటి గురువుకి ఇంతకన్నా పెద్ద అర్హత ఇంకేం కావాలి?

రెండో సంగతి, ఈయన ఆగుతాడు. ఒక మాట పాడతాడు, ఆగుతాడు, హార్మోనికాలో రెండు మూడు స్వరాలు పలికిస్తాడు, మళ్ళీ ఆగుతాడు. బుర్రకథలో కథకుడి మాటకి వంత పలికినట్టు పాటకి హార్మోనికా బదులిస్తుంది. తేడా అల్లా ఇక్కడ కథకుడూ వంతా ఒక్కడే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఊపిరి తీసుకోవడానికీ, తర్వాతి హోల్ ఎక్కడుందో చూసుకోవడానికీ ఆ ఖాళీలు అక్కరకొస్తాయి. అంతకుమించి, ఎక్కడ వాయించకూడదో నేర్పేది ఆ ఖాళీలే.

మొదటి పాటగా 1963 నాటి ‘హెల్ప్ మీ’ తీసుకోండి. ‘బీ ఫ్లాట్’ హార్మోనికా, ‘ఎఫ్’ శ్రుతి. అంతకు ముందు ఏడాది బుకర్ టీ అండ్ ద ఎంజీస్ వాయించిన ‘గ్రీన్ ఆనియన్స్’ గ్రూవ్ మీదే నడుస్తుంది కాబట్టి వెనక ఆర్గన్, బాస్ ఒకే తీరుగా తిరుగుతుంటాయి. మీరు దారి తప్పినా మళ్ళీ ఎక్కేయొచ్చు.

ఈ ఒక్క పాటతో ఎలా కూర్చోవాలో కాస్త వివరంగా చెబుతాను, మిగతా పాటలన్నిటికీ ఇదే పద్ధతి. ఒక చరణం పన్నెండు బార్లు (నాలుగు దెబ్బలు ఒక బారు), అంటే నాలుగేసి బార్ల వరసలు మూడు. ప్రతి వరసలో ముందు భాగం గొంతుది, చివరి భాగం హార్మోనికాది. మొదట్లో హార్మోనికా ముట్టుకోవద్దు. వేళ్ళ మీద లెక్కపెడుతూ వినండి. గొంతు ఎక్కడ ఆగుతోంది, హార్మోనికా ఎన్నో దెబ్బ మీద మొదలవుతోంది అన్నది పట్టండి. తర్వాత ఆ జవాబుల్ని నోటితో పాడండి. సరిగమలతో పాడగలిగితే ఇంకా మంచిది, గాంధారం ఎంత దిగిందో మీకే వినపడుతుంది. నోటితో పాడలేనిది హార్మోనికాలో రాదు, ఇది మాత్రం ఖాయం. ఆ తర్వాతే వాయిద్యం తీసి, రికార్డు నడుస్తుండగా జవాబులు మాత్రమే వాయించండి. గొంతు పాడుతున్నప్పుడు పెదాలు హార్మోనికా మీద ఉన్నా గాలి ఆడకూడదు.

చివరిగా చేతులు. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య హార్మోనికా పట్టుకుని, కుడి అరచేతిని వెనక నుంచి మూతలా చేర్చండి. మూసి ఉంచి స్వరం మొదలుపెట్టి, అది సాగుతుండగా కుడి చేతిని కొద్దిగా తెరవండి. ‘వా’ అని పలుకుతుంది. సనీ బాయ్ ఏ స్వరం మీద తెరుస్తున్నాడో, ఏ స్వరాన్ని మూసే ఉంచుతున్నాడో వినండి. అన్నిటి మీదా తెరిచేస్తే అది అలంకారం కాదు, అలవాటు అవుతుంది.

యూట్యూబులో వేగం 0.75కి తగ్గించినా శ్రుతి మారదు, మొహమాటపడకుండా వాడుకోండి. పాత రికార్డింగుల్లో కొన్ని మీ హార్మోనికాకి కాస్త హెచ్చుగానో తగ్గుగానో అనిపించొచ్చు. ఇబ్బందిగా ఉంటే ఆ ట్రాక్ వింటూ నేర్చుకుని, విడిగా వాయించుకోండి.

‘హెల్ప్ మీ’ అయ్యాక 1955 నాటి ‘డోంట్ స్టార్ట్ మీ టాకిన్’, తర్వాత ‘నైన్ బిలో జీరో’. ఈయన ఆల్బమ్ ఒక్కటే వినే తీరిక ఉంటే ‘కీప్ ఇట్ టు అవర్‌సెల్వ్స్’ వినండి. 1963లో యూరప్ వెళ్ళినప్పుడు డెన్మార్క్‌లో చేసిన రికార్డింగులవి. బ్యాండు లేదు. చాలా పాటల్లో ఆయన హార్మోనికా, గొంతు, మ్యాట్ మర్ఫీ గిటార్, అంతే. ఊపిరి లోపలికి వెళ్ళే చప్పుడు కూడా వినపడేంత దగ్గరగా ఉంటుంది. నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా ఉపయోగపడే ఆల్బమ్ నేను చూపించలేను.

బిగ్ వాల్టర్: నాదం కోసం

రెండు మూడు పాటలు వచ్చాక చాలామందికి ఎదురయ్యే సమస్య ఒకటే. స్వరాలన్నీ సరిగానే పడుతున్నాయి, శబ్దం మాత్రం పల్చగా, బొమ్మ వాయిద్యంలా ఉంది. అప్పుడు వెళ్ళాల్సింది వాల్టర్ హార్టన్ దగ్గరికి. 1953లో మెంఫిస్‌లో సన్ రికార్డ్స్‌కి గిటారిస్టు జిమ్మీ డెబెరీతో కలిసి వాయించిన ‘ఈజీ’ వినండి. పేరు చూసి మోసపోవద్దు. ఐవరీ జో హంటర్ పాట ‘ఐ ఆల్మోస్ట్ లాస్ట్ మై మైండ్’ బాణీ మీద నడిచే వాద్య ముక్క అది. స్వరాలు తక్కువే, ఒక్కొక్కటీ నిండుగా, లావుగా ఉంటుంది. చరణం చరణానికీ బరువు పెరుగుతూ పోతుంది.

ఈ ముక్కని మొత్తం ఎత్తుకోనక్కర్లేదు. మొదటి నాలుగు బార్లు తీసుకుని ఒక్కో స్వరాన్ని ఆయనంత సేపు, ఆయనంత నిండుగా నిలబెట్టడానికి ప్రయత్నించండి. దవడ వదులుగా, నోరు లోపల ఆవలింత వచ్చినంత ఖాళీగా ఉంటేనే అది సాధ్యం. హార్మోనికాని పెదాల చివర పెట్టుకునేవాళ్ళకి ఎన్నటికీ రాదు, నోట్లోకి తీసుకోవాలి. జిమ్మీ రోజర్స్ పాట ‘వాకింగ్ బై మైసెల్ఫ్’ (1956)లో హార్టన్ వాయించిన సోలో కూడా తప్పక వినాల్సింది. ఒక్క చరణం సోలో, అందులో ఒక్క స్వరం కూడా తీసేయడానికి లేదు. వాయించడానికి కష్టం. అది వచ్చిన రోజు ‘జూక్’ మొదలుపెట్టొచ్చు.

వరస ఎవరికి మారుతుంది

గిటార్ వాయిస్తూ మెడకి ర్యాక్ తగిలించుకుని హార్మోనికా ఊదాలనుకునేవాళ్ళకి పై ముగ్గురికన్నా జిమ్మీ రీడ్ దగ్గరవాడు. ఆయనా అలాగే వాయించేవాడు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి అరచేతి పనులేవీ ఉండవు. ‘హానెస్ట్ ఐ డూ’ (1957), ‘బ్రైట్ లైట్స్, బిగ్ సిటీ’ (1961) వినడానికి ఎంతో తేలిగ్గా ఉంటాయి. ఒక హెచ్చరిక: వీటిలో ఆయన వాయించేది సెకండ్ పొజిషన్ కాదు. ఫస్ట్ పొజిషన్‌లో, అంటే హార్మోనికా సొంత శ్రుతిలోనే, పై హోల్స్‌లో ఊదుతూ వంచుతాడు. ఎనిమిది, తొమ్మిది, పది హోల్స్‌లో ఊదుడు బెండ్ రావడానికి నోరు చాలా సన్నగా, కచ్చితంగా అమరాలి. ‘ఏ’ హార్మోనికా మీద కాస్త నయం, ‘సీ’ మీద ఇంకా కష్టం. సులువైన పాటలని ఎవరో చెబితే నమ్మి కింది హోల్స్‌లో వెతుక్కోవద్దు.

తోడు ఎవరూ లేకుండా ఒక్కరే కూర్చుని వాయించుకునేవాళ్ళకి సనీ టెర్రీ. చూపు లేని ఈ కళాకారుడు 1938 డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ‘స్పిరిచువల్స్ టు స్వింగ్’ కచేరీలో వాయించాడు. తర్వాత దశాబ్దాల పాటు గిటారిస్టు బ్రౌనీ మెగీతో జంటగా తిరిగాడు. కింది హోల్స్‌లో రెండు మూడు స్వరాలు కలిపి ఊదుతూ, పీలుస్తూ రైలు నడకలు, వేటకుక్కల అరుపులు పలికిస్తాడు, మధ్యలో గొంతుతో కేక వేస్తాడు. బ్యాండు లేకపోయినా లయ కూలదు. లయ బలహీనంగా ఉన్నవాళ్ళు ఎవరితో మొదలుపెట్టినా రోజూ కాసేపు ఈయన పద్ధతిలో రైలు నడిపితే మంచిది. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచండి, ఎక్కడ ఊపిరి చాలకపోతే అక్కడ ఆపండి.

మాటల్లేని పాటలు నచ్చనివాళ్ళకి, పాడటమే ముఖ్యమనుకునేవాళ్ళకి జూనియర్ వెల్స్. 1965లో గిటారిస్టు బడ్డీ గైతో చేసిన ‘హూడూ మ్యాన్ బ్లూస్’ ఆల్బమ్ చాలు.

ఒక కుర్చీ, నలుగురు మనుషులు

వీళ్ళ మధ్య తేడా త్వరగా పట్టుకోవాలంటే మడ్డీ వాటర్స్ బ్యాండులో హార్మోనికా కుర్చీని గమనించండి. ‘జూక్’ హిట్టయ్యాక లిటిల్ వాల్టర్ బయటికొచ్చి, అప్పటిదాకా జూనియర్ వెల్స్ వాయిస్తున్న ఏసెస్ బ్యాండుని తనదిగా చేసుకున్నాడు. వెల్స్ వెళ్ళి మడ్డీ దగ్గర చేరాడు. ఆ తర్వాత అదే చోటికి బిగ్ వాల్టర్ వచ్చాడు, 1954లో జేమ్స్ కాటన్ వచ్చాడు. కాటన్ చిన్నప్పుడు సనీ బాయ్ దగ్గర నేర్చుకున్నవాడు. అయితే ఒక మెలిక ఉంది. బ్యాండు వదిలేసినా స్టూడియోకి మాత్రం లిటిల్ వాల్టర్‌నే పిలిచేవారు, 1954 నాటి ‘హూచీ కూచీ మ్యాన్’లో వినపడేది ఆయనే. కాబట్టి ఏడాది చూసి ఎవరు వాయించారో ఊహించేయకండి. కాటన్ ఎలా వాయించేవాడో తెలియాలంటే 1960లో న్యూపోర్ట్ పండుగలో మడ్డీ బ్యాండు వాయించిన ‘గాట్ మై మోజో వర్కింగ్’ వినండి. వాల్టర్ పాట చుట్టూ అల్లుకుంటూ వాయిస్తే, కాటన్ పాటని వెనక నుంచి తోస్తాడు. రెండూ వరసగా పెట్టుకుని వింటే ఈ తేడా ఒక్క సాయంత్రంలోనే తెలిసిపోతుంది.

కొనాల్సిన హార్మోనికాల విషయం. మొదటిది ‘సీ’ తీసుకోండి, నేర్పే వీడియోలు ఎక్కువగా దాంట్లోనే ఉంటాయి. రెండోది ‘ఏ’, మూడోది ‘బీ ఫ్లాట్’. ‘హెల్ప్ మీ’తో మొదలుపెట్టాలన్న నా మాట నచ్చితే ‘బీ ఫ్లాట్’నే రెండోదిగా తెచ్చుకోండి. ‘సీ’ కన్నా కాస్త కింది శ్రుతి కాబట్టి మూడో హోల్ బెండ్ దాంట్లో కొంచెం తేలిగ్గా దొరుకుతుంది. ఏడు హార్మోనికాల సెట్ ఒకేసారి కొనాల్సిన పని లేదు, చవక సెట్లలో రీడ్లు చాలావరకు గాలి వదిలేస్తాయి.

ఇదంతా అయ్యాక, రాగాలంటే ఇష్టమున్నవాళ్ళు పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండు 1966లో చేసిన ‘ఈస్ట్ వెస్ట్’ వినండి. పదమూడు నిమిషాల వాద్య ముక్క, గిటారిస్టు మైక్ బ్లూమ్‌ఫీల్డ్ హిందుస్తానీ రాగాల ప్రభావంలో అల్లింది. కింద ఒకే షడ్జం ఆధారంగా నిలబడి ఉంటే చికాగో హార్మోనికా ఎలా విస్తరిస్తుందో అందులో వినొచ్చు. తంబురా యాప్ ‘జీ’ శ్రుతిలో పెట్టుకుని ‘సీ’ హార్మోనికాతో మీరూ ఆ దారిలో ప్రయత్నించొచ్చు, మూడో హోల్ బెండ్‌ని ఆ శ్రుతి మీద నిలపడానికి మంచి సాధన అవుతుంది.